పదకొండో నంబరు

“అమ్మాయ్, నీ వీధే ఫస్ట్!”

పెద్ద మేడమ్ ఫోన్లో ఆ మాట అనగానే ఉన్నచోటే ఒక్క గెంతు గెంతాను.

“అయ్యో, మీరు గెంతకండి!” అని కేకవేసింది కాటా మీద నిలబడ్డ ఆరో నంబరు. అంకెలు కదిలిపోతాయని భయపడింది కాబోలు అనుకున్నాను.

ఇల్లిల్లూ తిరిగి కడుపుతో ఉన్నవాళ్ళ బరువు చూడటం నా పని. మా వీధిలో అన్నీ ఒంటిగది ఇళ్ళు, అందరివీ రెక్కాడితే డొక్కాడే బతుకులు. కార్డుల్లో పేర్లుంటాయి కానీ మాకు నంబర్లే అలవాటు. మొత్తం పదకొండుమంది. కాటా సంచీ భుజాన వేసుకుని బయల్దేరానంటే నా అంతటిది లేదనుకుంటాను.

“పదిమందీ నెలలకు తగ్గట్టు పెరిగారు,” అంది మేడమ్. “ఇంక ఆ పదకొండో మహాతల్లి ఒక్కతే. ఆరో నెల వచ్చింది, మనిషి పుల్లలాగే ఉంది. లోపల బిడ్డ చిన్నగా ఉందని డాక్టరమ్మ అంటోంది. రెండు వారాల్లో కిలో పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చేస్తుందట. తెలుసుగా?”

“తెలుసండీ.”

“నువ్వు చెప్తే వినదా?”

“మొండిఘటమండీ. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.”

మేడమ్ పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకేం నచ్చలేదు.

ఫోన్ పెట్టేసరికి ఆరో నంబరు తన ఉడికించిన గుడ్డులో సగం నా చేతిలో పెట్టబోయింది. షర్టులకు గుండీలు కుట్టి కొనుక్కున్న గుడ్డు. “ఇప్పుడే తిన్నానమ్మా” అని తోసేశాను. డ్యూటీ అంటే డ్యూటీ.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. “తిన్నావా?” అని అడగకూడదు. అడిగితే లోకంలో ప్రతి ఆడదీ తిన్నాననే అంటుంది. గిన్నె మూత ఎత్తి చూడాలి. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు. మూడో నంబరు పప్పంతా మొగుడి కోసం దాచేస్తోందని మూత ఎత్తే పట్టుకున్నాను. ఎనిమిదో నంబరు అత్తగారితో గంటసేపు వాదించి కోడలికి గ్లాసుడు పాలు ఇప్పించాను. చివరికి ఆ అత్తగారే నాకు దణ్ణం పెట్టి, “నీకు పుణ్యముంటుంది, ఇంక వెళ్ళమ్మా” అంది.

పదకొండో ఇంట్లో మాత్రం ఇన్నాళ్ళూ మూత ఎత్తలేదు. డిగ్రీ చదివిన మనిషి, అన్నీ తెలిసినావిడ, ఆవిడకు నేను చెప్పేదేమిటని ఊరుకున్నాను. తిన్నానంటే తిన్నట్టే రాసుకున్నాను. చదువుకున్నవాళ్ళ అబద్ధంలో వ్యాకరణ దోషాలుండవు మరి!

ఆవిడ జబ్బు పేరు కొత్త కాపురం. పెళ్ళై ఇంకా ఏడాది నిండలేదు. మధ్యాహ్నం ముద్ద ముట్టదు. సాయంత్రం ఆయన వచ్చాక ఇద్దరూ ఒకే కంచంలో తినాలట. ఆ అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటే ఆకలే తెలియదట. ఆయన కలిపి పెడితే ఉత్త పప్పన్నమే అమృతమట. ఒకే కంచంలో తింటే ఎవరి పొట్టలోకి ఎంత వెళ్ళిందో ఆ కంచానికే తెలియాలి.

సాయంత్రం పదకొండో ఇంటికి చేరేసరికి ఆవిడగారి భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. కుట్టుమిషన్లు బాగుచేస్తారు. వేళ్ళకు ఇంకా నూనె మరకలున్నాయి.

“రండి మేడమ్‌గారూ,” అన్నారు చేతులు కట్టుకుని.

“మీ ఆవిడ బరువు పెరగడం లేదండీ,” అన్నాను.

“ఆవిడ సంగతి సరే, నన్ను చూడండి. నాలుగు కిలోలు పెరిగాను. కడుపు ఆవిడదీ, పొట్ట నాదీ!”

నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు.

“పది ఇళ్ళలో గిన్నెల మూతలు ఎత్తుతారట కదా. మా ఇంటికొచ్చేసరికి మీకు చేతులు రావా?”

“మొహమాటమండీ.”

“ఎవరితో?”

ఆయనే లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి మూత తీశారు. పొద్దున వండిన అన్నం వండినట్టే ఉంది. గరిటె కూడా దిగలేదు.

“పొద్దున నేను వెళ్తూ, రెండుసార్లు తినమని మరీ మరీ చెప్పాను. సరే అంది. నవ్వింది కూడా.” ఆయన గిన్నె కింద పెట్టేశారు. “నాకు భయంగా ఉంది మేడమ్. మా ఆవిడ మీ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. కాస్త గట్టిగా చెప్పండి.”

“చెప్తానండీ.”

“ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో కంచాలు రెండు. ఆవిడది నిండిన తర్వాతే నాది.”

రెండు కంచాలనేసరికి పదకొండో నంబరుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా ఈసారి జాలిపడదలచుకోలేదు.

సంచీలోంచి కార్డు తీసి, “రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదటి విజిట్ పదకొండో ఇంటికే, భోజనం పూర్తయ్యేదాకా కదిలేది లేదు” అని రాసి, ‘కార్యకర్త సంతకం’ అన్నచోటా, దాని పక్కనే ‘గర్భిణి సంతకం’ అన్నచోటా నా సంతకమే చేశాను.