మైకు ఆయమ్మకియ్యప్పా

"జీపు కదిలిందంటే నా మీదుగానే కదలాల" అంటూ యశోదమ్మ ప్రచారం జీపుకు అడ్డంగా నిలబడింది.

పలమనేరు పక్కనున్న ఆ ఊరికి జడ్పీటీసీ అభ్యర్థి రావడం అదే మొదలు. సీటు ఆడవాళ్ళకు వచ్చింది కాబట్టి అభ్యర్థి సుజన. మైకు మాత్రం ఆమె మొగుడు గుణశేఖర్ చేతిలో ఉంది. జీపుకు కట్టిన బ్యానరు మీద కూడా అతనే నిలువెత్తున మీసం దువ్వుతున్నాడు, సుజన ఏ మూలనో తపాలా బిళ్ళంత. జీపులో అతని పక్కన నిలబడినామె నెత్తిన కొంగు కప్పుకుని, గడ్డం దాకా దండలతో, కనిపించిన వాళ్ళకల్లా దండం పెడుతోంది. నోరు మాత్రం విప్పడం లేదు.

"పక్కకు రాక్కా. ఇంకా శానా ఊర్లు తిరగాల" అన్నాడు గుణశేఖర్.

"తిరుగుదువులే. ఆయమ్మ ఎవరో, గెలిస్తే ఏం చేస్తాదో చెప్పి పో. ఓటేసేది మేమే గదా."

గుణశేఖర్ గొంతు సవరించుకున్నాడు. "సుజనమ్మ డిగ్రీ చదివింది. పాడి రైతు బిడ్డ. పేదోళ్ళ కష్టం తెలిసినామె. గెలిపిస్తే సిమెంటు రోడ్డు, వీధి లైట్లు, ఊరి ముందర పెద్ద ఆర్చి..."

ఆర్చి అనగానే యశోదమ్మకు ఒళ్ళు మండింది. ఊళ్ళో బడి ఎత్తేసి, హైవేకు అవతలి బడిలో కలిపేశారు. పిల్లలు లారీల మధ్య పరుగెత్తి రోడ్డు దాటుతున్నారు. మొన్న ఆమె మనవరాలు ప్రశాంతిని కారు గుద్దేసి ఆగకుండా పోయింది. ఆ పిల్ల కాలికి కట్టుతో మంచంలో ఉంది. ఒక ప్రాణం పోతే గానీ ఎవరికీ పట్టదా అని ముసలామె కనిపించిన వాళ్ళనల్లా అడుగుతోంది.

"ఆర్చి ఎవురిక్కావాలప్పా? మా బడి మాకు తెస్తారా, తేరా?"

"అదంతా పైన మాట్లాడాల్సిన పని. గెలిచినాక సూస్తాంలే."

"నిన్నడగలేదు. ఆయమ్మను అడిగినా."

"నేను చెప్తే ఆమె చెప్పినట్టే."

"అట్లయితే ఓటు నీకే అడుక్కో. మొగోళ్ళ సీటు యాడుందో ఎతుక్కోని పో."

చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వారు. గుణశేఖర్ ముఖం మాడిపోయింది.

"పెద్దదానివని ఊరుకుంటా ఉండా. గమ్మున పక్కకు పో."

"పోను. మైకు ఆయమ్మకియ్యి."

అతను ఇవ్వలేదు. యశోదమ్మ జీపు మెట్టెక్కి, మైకు లాక్కుని, దండల మధ్యనున్న ఆ చేతుల్లో పెట్టింది. పోనివ్వమని గుణశేఖర్ డ్రైవరు మీద అరిచాడు. ఎటు పోతాడు, ముందూ వెనకా ఆడవాళ్ళే.

"సుజనమ్మా, ఈ మొగోళ్ళకు చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది. నీకూ బిడ్డలుంటారు. నీ బిడ్డనయితే ఆ లారీల నడుమకు పంపిస్తావా? బడి తెస్తానని ఒక్క మాట నీ నోటితో చెప్పు, ఊరంతా నీకే గుద్దుతాం. తేనంటావా, అదన్నా చెప్పు. బొమ్మ మాదిరి నిలబడేదానికి నీకు సిగ్గు లేదా?"

ఆమె గుణశేఖర్ వైపు చూసింది. వద్దని అతను పళ్ళు కొరికాడు. ఆమె నెత్తి మీది కొంగు తీసేసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"నా బిడ్డ కూడా అట్లే హైవే దాటి బడికి పోతాదక్కా. బడి తెస్తానని నేను చెప్పినా చెల్లదు. సుజనమ్మకు ఎండ పడదని నన్ను నిలబెట్టినారు, నేను వాళ్ళింట్లో వంట చేసే ఎస్తేరును."