షర్బత్ రిసెప్షన్

"బావా, దీన్ల ఏం కలిపిన్రు?" గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తూ అడిగాడు బబ్లూ.

"పుచ్చకాయ, నిమ్మకాయ, జర పుదీనా," అన్నాడు సదాశివ.

"మరి అసలుది?"

"అసలుదే గిది."

నాంపల్లిలోని ఆ ఫంక్షన్ హాల్లో వంటవాళ్ళు రిసెప్షన్‌కు ఏమేమి ఇస్తారో రుచి చూపిస్తున్నారు. బల్ల మీద నన్నారి, గులాబీ షర్బత్, ఫాలూదా వరసగా పెట్టారు. గోలీసోడా బండి కూడా తెప్పిస్తారట. బబ్లూకు ఇవేవీ గొంతు దిగలేదు. అతను సదాశివ భార్య విమలకు సొంత తమ్ముడు, పెళ్ళికూతురు ప్రణవికి మేనమామ, నలభై దాటినా ఇంకా బబ్లూయే. మేనకోడలి పెళ్ళిలో మందు పోయించే పూచీ తనదని చుట్టాలందరికీ ముందే మాట ఇచ్చేశాడు.

సదాశివకు అబిడ్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పిసినారిగా దుకాణానికి మించిన పేరుంది. హాస్టల్ కిరాయి దండగని, గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకుంటున్న కూతుర్ని ఇంటికి లాక్కొచ్చి జీతం లేకుండా కౌంటర్లో కూర్చోబెట్టాడని చెప్పుకుంటారు. ఆ పిల్లకు కామెర్లొచ్చి దవాఖానలో ఉంటే చూడటానికి కూడా ఎవరినీ రానివ్వలేదట, వస్తే చాయ్ పోయించాలి కదా. బబ్లూ ఆ ఇంట్లో దాచుకున్న ఖరీదైన సీసాను సింకులో ఒంపేసింది కూడా ఈయనే. అందులో ఆయనకు మిగిలిందేమిటో ఆయనకే తెలియాలి.

"సరే, ఫుల్ బార్ వద్దు. బీరు, వైన్ పెడదాం," అన్నాడు బబ్లూ.

"వద్దు."

"మనిషికి రెండు కూపన్లు ఇద్దాం. లెక్క మీద తాగుతరు."

"వద్దు బబ్లూ."

"పోనీ పైన రూమ్‌ల, నలుగురు పెద్దమనుషులకే. కిందికి వాసన గూడ రాదు."

"వస్తది," అన్నాడు సదాశివ.

బబ్లూ ఆఖరి అస్త్రం తీశాడు. "ఖర్చు మొత్తం నాది. నీ జేబుకెళ్ళి ఒక్క పైస పోదు. ఇగ చెప్పు."

"నీ పైసలు నీ దగ్గర్నే ఉంచుకో."

ఈ ముచ్చట సాయంత్రానికల్లా కోఠి నుంచి హిమాయత్‌నగర్ దాకా చుట్టాల ఇళ్ళన్నీ తిరిగొచ్చింది. తన డబ్బు తీయని వాళ్ళను వాళ్ళు చాలామందినే చూశారు. పక్కవాడి డబ్బు కూడా ఖర్చు కానివ్వని మనిషిని చూడటం ఇదే మొదలు.

మరునాడు బబ్లూ అక్కకు ఫోన్ చేశాడు. మేనమామ బుట్టలో ఎత్తుకొస్తే తప్ప ఆ ఇంట్లో ఏ పెళ్ళికూతురూ మంటపానికి రాలేదు. అది తెలిసే చేశాడు.

"అక్కా, రిసెప్షన్‌ల మందు లేకుంటే నేను బుట్ట ఎత్తను. నలుగుట్ల నా ఇజ్జత్ పోయింది."

విమల ఫోన్ పెట్టేసి ఏడ్చింది. ఆమెకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ ఒక్క తమ్ముడే.

"పోయి వానికి ఒక్క మాట చెప్పొస్త," అంది.

"చెప్పకు," అన్నాడు సదాశివ.

"వాడు మళ్ళ మన గడప తొక్కడు."

"తొక్కకపోనీ. నన్ను ఏమన్న అనుకోనీ."

విమల కళ్ళు తుడుచుకుంది.

పెళ్ళిలో బుట్ట ఖాళీగానే ఉండిపోయింది, ప్రణవి నడిచే మంటపానికి వచ్చింది. సాయంత్రం రిసెప్షన్ వెటకారాలతో మొదలైంది. "ఇంకో సోడా కొట్టన్నా, ఎక్కుతదేమో సూద్దాం," అని ఒకడు. ఫాలూదా గ్లాసు పట్టుకుని తూలుతూ నడిచి అందరినీ నవ్వించాడు ఇంకొకడు. కొత్త అల్లుడు సిద్ధార్థ్‌ను కదిపితే, తనకు షర్బతే ఇష్టమన్నాడు. మామకు తగ్గ అల్లుడు దొరికాడని తేల్చేశారు.

అప్పుడొచ్చాడు బబ్లూ, ముందే కాస్త వేసుకుని, కోటు జేబులో సీసాతో. తిన్నగా వేదిక ఎక్కి ఒక ఖాళీ గ్లాసు నిండా విస్కీ ఒంపాడు.

"అల్లుడూ, మీ మామ పొయ్యనిది నేను పోస్తున్న. పట్టు."

సిద్ధార్థ్ చేయి చాపలేదు. బబ్లూ గ్లాసును మేనకోడలి చేతిలో పెట్టాడు. "పోనీ నువ్వియ్యి బిడ్డా, నువ్విస్తే కాదంటడా?"

ప్రణవి గ్లాసు పట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. కిందినుంచి సదాశివ పరుగెత్తుకొచ్చి దాన్ని ఒక్క దెబ్బ కొట్టాడు. విస్కీ అంతా పెళ్ళికూతురి పట్టుచీర మీద పడింది.

"గింతేనా బావా?" అన్నాడు బబ్లూ. "ఇగ నేను సచ్చినా మీ ఇంటికి రాను."

అతను దిగి వెళ్ళిపోతుంటే విమల వెనక వెళ్ళలేదు. కూతురి కుచ్చిళ్ళు పట్టుకుని గబగబా తుడుస్తోంది. తర్వాత ఆమెను లోపలికి తీసుకెళ్ళి చీర మార్పించింది. సదాశివ ఆ తడిచీరను చుట్టచుట్టి హాలు బయటికి తెచ్చి, మెట్ల మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భుజాలు అదురుతున్నాయి. భోజనం చేసి బయటికొస్తున్న చుట్టాలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"డ్రైక్లీనింగ్ ఖర్చు యాదికొచ్చినట్టుంది, పాపం," అన్నాడొకడు.

కార్లు ఎక్కేదాకా కడుపారా నవ్వుకున్నారు.

ప్రణవి తాగుడు మానేసి ఆ రోజుకు ఏడాది.