కళ్ళారా చూసినవాళ్ళు

"ఎవరు మీరు?"

తలుపు సగమే తెరిచి అడిగింది విద్యార్థి నాయకురాలు.

గుమ్మంలో యాభై ఏళ్ళావిడ. ఎండలో నడిచొచ్చినట్టుంది, ముఖమంతా చెమట.

"సమానత్వ కమిటీ గది ఇదేనా అమ్మా? మేడమ్‌కి ఒక్క మాట చెప్పాలి."

లోపల కమిటీ నడిపే మేడమ్ ఫైల్లోంచి తలెత్తలేదు. పదకొండింటికి ప్రిన్సిపాల్ ముందు కమిటీ ఫిర్యాదు మీద విచారణ. ఇంకా ఇరవై నిమిషాలే.

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో తొమ్మిదిమంది తప్పారు. తొమ్మిదిమందీ హాస్టల్ పిల్లలే. అందులో ఒకడు థియరీలో కాలేజీకే ఫస్టు. ప్రొఫెసర్ గారు పరీక్ష పెట్టకముందే మార్కులు రాసిపెట్టుకున్నారని కాలేజీ అంతా చెవులు కొరుక్కుంటోంది. గట్టిగా చెప్పమంటే మాత్రం ఒక్క నోరూ పెగలదు.

"మీరు ఇక్కడ పనిచేస్తారా?"

"లేదమ్మా."

"మీ పిల్లలెవరైనా చదువుతున్నారా?"

"లేదు."

"పోనీ, ప్రొఫెసర్ గారు తెలుసా?"

ఆవిడ చేతులు నలుపుకుంది.

"తెలుసు."

అమ్మాయికి ఒళ్ళు మండింది. మొన్న ఇద్దరొచ్చారు, నిన్న ఒకాయనొచ్చాడు. అందరిదీ ఒకటే పాట. పెద్దాయనతో పెట్టుకోకండి, రాజీ పడండి.

"రాజీ బేరాలు ఇక్కడ కుదరవు. దయచేయండి."

"బేరం కాదు తల్లీ, నేను..."

"మేడమ్, మళ్ళీ ఒకరొచ్చారు!"

"తర్వాత రమ్మను," అంది మేడమ్, కాగితాలు సర్దుకుంటూ.

"తర్వాత ఇంత ధైర్యం ఉంటుందో లేదో," అందావిడ నెమ్మదిగా.

అప్పటికే తలుపు మూసుకుంది.

విచారణ పావుగంటలో తేలిపోయింది.

"విన్నవాళ్ళు ఊరంతా ఉంటారు మేడమ్. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరున్నారా?" అన్నాడు ప్రిన్సిపాల్.

మేడమ్ ఫైలు తిరగేసింది. అందులో ఉన్నవన్నీ విన్న మాటలే.

ఎదురుగా ప్రొఫెసర్ తాపీగా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఫిర్యాదు కొట్టేస్తున్నాను. ఇక దీన్ని మళ్ళీ తెరిచేది లేదు," అన్నాడు ప్రిన్సిపాల్.

వరండాలో తొమ్మిదిమందీ గోడకి ఆనుకుని నిలబడున్నారు.

థియరీ ఫస్టు కుర్రాడు మేడమ్ ముఖం చూసి, "ఏడాది పోయినట్టేనా మేడమ్?" అన్నాడు.

ఇంతలో ముసలి అటెండర్ రొప్పుతూ వచ్చాడు.

"అదేంటి మేడమ్, ఆవిడ చెప్పినా కొట్టేశారా?"

"ఏ ఆవిడ?"

"పొద్దున మీ గదెక్కడని నన్నే అడిగింది. పరీక్షకి ముందురోజే ఆయన మార్కులు వేస్తుంటే పక్కనే కూర్చుని చూసిందట. ఎవరి ముందైనా చెబుతానంది."

అమ్మాయి గేటు వైపు పరుగు తీసింది.

"వద్దమ్మా, ఇందాకే నా కళ్ళముందే బస్సెక్కేసింది," అన్నాడు అటెండర్. "ఇక ఈ ఊరి మొహం చూడనంది."

మేడమ్ అటెండర్ వైపు తిరిగింది. "ఆయన పక్కన కూర్చుని చూసిందా? ఎవరావిడ?"

అటెండర్ తల దించుకున్నాడు.

"ప్రొఫెసర్ గారి భార్య, మేడమ్."