చింతపిక్కల రిపోర్టు

2006లో అనకాపల్లి వృద్ధాశ్రమానికి శాంతికుమార్ అనే కంప్యూటర్ కుర్రాడు వచ్చాడు. ఏ ఆయా ఎలా చూసుకుంటోందో తేల్చే పద్ధతి ఒకటి తయారుచేశాడు.

చదువుకున్న బంధువులకి అచ్చు రిపోర్టు. చదువురాని ముసలివాళ్లకి, ఇద్దరు ఆయాల ఫొటోలు అంటించిన రెండు డబ్బాలు. బాగా చూసుకున్న ఆయా డబ్బాలో రోజూ ఒక చింతపిక్క వేయాలి. చూపులేని ఎర్రయ్య కోసం పైడితల్లి డబ్బాకి గాజు, అప్పలనర్సమ్మ డబ్బాకి గుడ్డపీలిక కట్టాడు.

"నెలాఖరుకి ఎక్కువ పిక్కలు పడినావిడ పాయకరావుపేట కొత్త ఆశ్రమానికి పెద్ద ఆయాగా వెళ్తుంది" అని హాల్లో అందరికీ వినబడేలా చెప్పాడు.

పెద్ద ఆయా అనిపించుకోవాలని పైడితల్లికి పన్నెండేళ్ల ఆశ.

మొదటి వారమే అప్పలనర్సమ్మ డబ్బా సగానికి వచ్చింది. పైడితల్లి డబ్బాలో అడుగు కనబడుతూనే ఉంది.

ఆమెకి అన్నం సయించలేదు.

"నీళ్లు కాగేయో లేదో సెయ్యెట్టి సూడదు. నెత్తిమీద గుమ్మరించేత్తాది. దానికా పిక్కలు!" అని వంటగదిలో గింజుకుంది.

"కుళ్లుకోకే. అందరికీ నచ్చేను, ఏటి సేత్తాం?" అంది అప్పలనర్సమ్మ కొప్పు సర్దుకుంటూ.

ఒకరోజు పైడితల్లి తలుపు చాటున నిలబడి చూసింది. పొద్దున తను గోళ్లు తీసిన ఎర్రయ్యే గోడ పట్టుకుని వచ్చాడు. వేళ్లకి గాజు తగిలింది. కాసేపు దాన్ని నిమిరాడు. తరవాత పక్కకి తడుముకుని, గుడ్డపీలిక దొరికాక పిక్క వేశాడు.

ఆమె గుండె భగ్గుమంది. మధ్యాహ్నం అతని అన్నం మాత్రం ఎప్పటిలాగే మెత్తగా పిసికి పెట్టింది.

నెలాఖరున అప్పలనర్సమ్మ సంచి పట్టుకుని జీపెక్కింది. ముసలివాళ్లంతా గేటు దాకా వచ్చి చేతులూపారు. ఆ హుషారు చూసి పైడితల్లి ఉండబట్టలేక వాళ్లలో బుల్లమ్మ అనే ముసలామెని నిలదీసింది.

"డబ్బా నిండా దానికి, నాకు మూడంటే మూడు పిక్కలు! నీకు నేనేటి తక్కువ సేసేను మామ్మా?"

జీపు మలుపు తిరిగేదాకా చూసి, బుల్లమ్మ గొంతు తగ్గించి అంది: "ఎర్రిమొకమా, నీ డబ్బాలో యేత్తే పాయకరావుపేటోళ్లు నిన్నట్టుకుపోరేటి?"