నాడి పట్టిన చెయ్యి

"ఆగింది," అంది బహీజా కళ్ళు మూసుకునే. "మళ్ళీ పరుగెత్తింది. ఇదిగో, మళ్ళీ ఆగింది."

షౌఖీ మేస్త్రీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అతని మణికట్టు మీద భార్య బొటనవేలు గట్టిగా అదిమి ఉంది. కూరల సంచీ గడప దగ్గరే పడి ఉంది. అయిదంతస్తులు ఎక్కి వచ్చిన మనిషి, మొగుడు ఛాతీ పట్టుకుని కూర్చోవడం చూసి, గుక్కెడు నీళ్ళయినా తాగకుండా అతని చెయ్యి అందుకుంది.

"సరిగ్గా చూశావా?"

"మా నానమ్మ ఇట్లాగే చూసేది. సరస్సు ఒడ్డు ఊళ్ళన్నిటికీ ఆవిడే వైద్యురాలు. ఆవిడ దగ్గర నేర్చుకున్న చెయ్యి ఇది, తప్పు చెప్పదు."

"నాకు ఊపిరి ఆడట్లేదు బహీజా."

"నిన్ను చూస్తుంటే నాకూ ఆడట్లేదు. కాసేపు ఇట్లాగే కూర్చో. కూర్చుంటే సర్దుకుంటుందిగా ఎప్పుడూ."

నిజంగానే సర్దుకుంది. కాసేపయ్యాక మళ్ళీ చూసి, "ఇప్పుడు కొంచెం నయం," అంది.

ఈజిప్టులోని దమియత్తా ఊరంతా కుర్చీలూ బీరువాలూ చేసి బతుకుతుంది. షౌఖీ వాళ్ళ అన్న నిరుడు కుర్చీ కాలు చెక్కుతూ చెక్కుతూ అలాగే ఒరిగిపోయాడు. ఆనాటి నుంచి షౌఖీకి తన గుండె చప్పుడు తనకు వినిపించడం మొదలైంది. దానికి తోడు బహీజా నాడి పట్టి చూడటం. చూసినప్పుడల్లా తడబడుతోందనే చెప్పేది. ఆ మాటతో అతని గుండె మరింత కొట్టుకునేది. రాత్రిళ్ళు ఆమె మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, దాదాపు కూర్చునే పడుకునేది. ఎందుకంటే, "నీ మీద ఒక కన్నేసి ఉంచాలిగా," అనేది. మొగుడంటే ఎంత ప్రాణమో అని వీధిలో ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

డాక్టర్ హిల్మీ ఈసీజీ తీశాడు. ఒక రోజంతా ఛాతీకి మిషను తగిలించి చూశాడు. రక్తం పరీక్షలు చేయించాడు. అన్నీ అయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గుర్రం గుండె మేస్త్రీ నీది. సరే, ఈ దడ ఎప్పుడొస్తుంది? బీరువా మోసేటప్పుడా?"

"లేదు డాక్టర్‌గారూ. ఖాళీగా కూర్చున్నప్పుడు. అన్నయ్య గుర్తొచ్చినప్పుడు."

"మెట్లెక్కితే ఆయాసం?"

"లేదు."

"కాళ్ళ వాపు? వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం?"

"ఏమీ లేవు."

"అయితే ఇది భయం. గుండె జబ్బు కాదు. భయంతో వచ్చే దడ వేగంగా కొట్టుకున్నా లెక్క తప్పదు. తడబడుతోందని నీకెవరు చెప్పారు?"

షౌఖీ తలుపు వైపు చూశాడు. బహీజా అక్కడ కుర్చీలో నోరు తెరిచి గాలి పీలుస్తోంది. ఆసుపత్రి లిఫ్టు ఆ రోజు పనిచేయలేదు. తన చెప్పులు బిగుతయ్యాయని మొగుడి పాత చెప్పులు వేసుకొచ్చింది.

"మా ఆవిడ నాడి చూస్తుంది."

డాక్టర్ నవ్వాడు. "ఇంతకీ రోగి ఎవరయ్యా, నువ్వా, ఆవిడా? చూడమ్మా, నీ భయమే ఇతనికి అంటుకుంటోంది. ఇవాళ్టి నుంచి ఇతని చెయ్యి ముట్టుకోకు. అదే మందు."

"తడబడింది డాక్టర్‌గారూ. నా వేలికి తెలిసింది."

"మిషను కన్నా నీ వేలు గొప్పదా?"



మందు పనిచేసింది. షౌఖీ మళ్ళీ ఉలి పట్టాడు, కడుపు నిండా తిన్నాడు, ఒళ్ళు మరిచి నిద్రపోయాడు. కాఫీ కొట్లో పదిమందిలో కూర్చుని, "నా గుండెకు రోగం లేదురా, నా పెళ్ళానికే నాడి పిచ్చి," అని చెప్పి అందరినీ నవ్వించేవాడు. కొట్టు ముందు నుంచి కూరలతో వెళుతూ బహీజా ఆ మాట విన్నది. విని, గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, మెట్లెక్కింది.

ఒక సాయంత్రం మాత్రం ఆగలేక అడిగింది. "ఒక్కసారి చెయ్యి ఇవ్వు. మనసు బాగోలేదు."

అతను చెయ్యి లాక్కున్నాడు. "చాల్లే నీ నానమ్మ వైద్యం. మనిషిని బతకనివ్వవా?"

ఆ వారంలోనే ఒక ఉదయం బహీజా లేవలేదు. మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది. ఆరోగ్య కార్యాలయం మనిషి వచ్చి, రక్త ప్రసరణ ఆగిపోయిందని రాసి వెళ్ళాడు. ఈ దేశంలో ఎవరు పోయినా అదే రాస్తారు.

బహీజా చెల్లెలు నవాల్ మాత్రం పరామర్శకు వచ్చినవాళ్ళందరి ముందూ, చావింట ఇచ్చే చేదు కాఫీ గిన్నె కింద పెట్టి చెప్పింది. "నీ గుండెకేమవుతుందోనని హడలి హడలి మా అక్క పోయింది బావా. నీది మాత్రం రాయిలా ఉంది."

షౌఖీ ఆ మాట నిజమేనని నమ్మాడు. నమ్మినప్పటి నుంచి దడ మళ్ళీ మొదలైంది.

డాక్టర్ హిల్మీ ఈసారి నవ్వలేదు. ఈసీజీ చూసి, "గుండె బాగానే ఉంది. దిగులు మేస్త్రీ ఇది," అన్నాడు. "ప్రతిసారీ ఇంత దూరం పరుగెత్తి రాకు. నీ నాడి నువ్వే చూసుకోవడం నేర్పుతాను. నీ సుత్తి దెబ్బల్లా సమంగా పడుతుంటే భయం లేదు. తడబడితే రా. ఏదీ, పట్టుకో."

షౌఖీ కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు తన మణికట్టు మీద అదిమాడు.

"అట్లా కాదు. పక్క రెండు వేళ్ళతో."

"మా ఆవిడ ఇట్లాగే చూసేది."

"బొటనవేలితోనా?"

"ఎప్పుడూ బొటనవేలితోనే."

డాక్టర్ తలుపు పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"బొటనవేలికీ నాడి ఉంటుంది మేస్త్రీ. దాంతో చూస్తే, తెలిసేది చూసేవాళ్ళ గుండే."