నిమిషానికి నూట ఎనిమిది

హ్రుబి కర్రతో స్టాండు మీద కొట్టాడు. వాద్యబృందం ఆగింది. ఇది పదకొండోసారి.

"మళ్లీ వెనకబడ్డాడు," అన్నాడు విసుగ్గా.

కింద హాల్లో సిగ్లావి అడుగులు కూడా ఆగాయి.

వెన్‌జెల్ హ్రుబి తొమ్మిదేళ్లుగా ఈ బృందంలో ఇతరుల బాణీలే వాయించాడు. ఆదివారం పదకొండింటి ప్రదర్శనకు సొంత పోల్కా బాణీ ఇవ్వడం ఇదే మొదలు. అడుగు కుదరకపోతే పాత పోల్కానే వాయిస్తారు. ఇవాళ శుక్రవారం.

"కైన్‌రాట్ గారూ, నా పోల్కా నిమిషానికి నూట ఇరవై అడుగులు. ఆ మాట ఆయనకి చెప్పండి."

నాట్యం చూసుకునే కైన్‌రాట్ బాల్కనీ వైపు తలెత్తాడు. "మూడు రోజులుగా చెబుతూనే ఉన్నాను మాస్టారూ. ఆయన అడుగు ఆయనదే."

"అయితే కుర్రవాళ్లలో ఎవరినైనా ముందు పెట్టండి."

"ముందుండేది ఆయనే. మిగతా ఏడుగురూ ఆయన వెనకే. వియన్నా అంతటికీ తెలుసు."

"ముసలాయన్ని ఇంకెన్నాళ్లు మోస్తారు?"

కైన్‌రాట్‌కు నవ్వొచ్చింది. "ఆయన్ని మేం మొయ్యడమేమిటి? నేను ఇక్కడ చేరేనాటికి ఆయనకింకా తల నెరవలేదు. నాకీ పని నేర్పింది ఆయనే."

"ఒరే వెన్‌జెల్, పెద్దాయనతో పంతమేమిట్రా," అన్నాడు వెనక నుంచి కొమ్ము వాయించే ష్టెఫెక్. "అక్కడ గులాష్ కూర చల్లారిపోతోంది."

"నువ్వు ఊదడం సంగతి చూసుకో."

పన్నెండోసారి మొదలుపెట్టారు. నడిమి భాగానికి వచ్చేసరికి సిగ్లావి మళ్లీ రెండడుగులు వెనక.

హ్రుబి కర్ర పడేసి మెట్లు దిగాడు. నేల మీది రంపపు పొట్టు బూట్లలోకి పోయింది. నేరుగా వెళ్లి సిగ్లావి ముందు నిలబడ్డాడు.

"తొమ్మిదేళ్లు ఎదురుచూశానయ్యా. మూడే మూడు నిమిషాలు నా మాట వింటే నీ సొమ్మేం పోతుంది?"

సిగ్లావి తల పక్కకు తిప్పుకున్నాడు.

"పాట లేకుండా ఒక్కసారి ఆడమనండి," అన్నాడు కైన్‌రాట్‌తో.

అడుగులు మొదలయ్యాయి. హ్రుబి గడియారం తీసి లెక్కపెట్టాడు. నూట ఎనిమిది. రెండోసారి లెక్కపెట్టాడు. నూట ఎనిమిదే.

ఆ అడుగులకు తన బాణీని లోలోపల పాడుకున్నాడు. నడిమి భాగంలో ఫ్లూటుకు రాసిన చిన్న వరస ఒకటుంది. మూడు రోజులుగా ఆ వేగంలో అది ఒక్కసారీ చెవిన పడలేదు. ఇప్పుడు పడింది.

జేబులోంచి పెన్సిలూ స్వరాల కాగితమూ తీసి నూట ఇరవై కొట్టేశాడు. నూట ఎనిమిది అని రాశాడు.

"మొదటిరోజే నన్ను కిందికి పిలవాల్సింది," అని గొణిగాడు.

"పిలిచాను మాస్టారూ. మీకు తీరికేదీ?"

హ్రుబి మళ్లీ పైకెక్కాడు. పదమూడోసారి అడుగూ పాటా ఒకేచోట ఆగాయి. పైన ష్టెఫెక్ అప్పటికే కొమ్ము పెట్టెలో పెట్టేస్తున్నాడు.

కైన్‌రాట్ జేబులోంచి చక్కెర ముక్క తీసి సిగ్లావికి పెట్టి, వంగి నాలుగు గిట్టల్లోనూ ఇరుక్కున్న రంపపు పొట్టు గీకి, లాయానికి నడిపించుకుపోయాడు.