శృతి కలవలే

“మీ శృతి కలుస్తలేదమ్మా!” అంటూ నిరోషా మేడం మళ్లీ హార్మోనియం ఆపింది.

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. వాళ్ల మధ్య మఠం వేసుకుని కూర్చున్న మల్లీశ్వరికి అరవై దగ్గరపడ్డాయి. ప్రతి ఆదివారం తాండూరులో రైలెక్కి, వికారాబాద్‌లో దిగి, మేడ మీది ఈ సంగీతం క్లాసుకు వస్తుంది. మేడం ‘సా’ అంటే ఈమె గొంతు ఇంకెక్కడో తిరుగుతుంది. చెవి పెట్టి వినమంటే గుమ్మం వైపు చూస్తుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, పట్టుకున్న స్వరం కాస్తా జారిపోతుంది.

“అమ్మమ్మా, జర కిందికి అను. గిట్ల... సా...”

పక్కన కూర్చునే రెండో తరగతి ఐమన్‌కు మాత్రం మహా ఓపిక. గడ్డం పట్టుకుని మరీ నేర్పేది. ఆ పిల్లను వాళ్ల నాన్న బండి మీద తెచ్చి, కిందనే దింపి పోయేవాడు.

ఇంటి దగ్గర ఇంకో తంతు. “ముసలోళ్లకు దసరా పండుగంటే గిదే!” అని పక్కింటి యాదమ్మ ఎకసెక్కం. లోపల మంచంలో భర్త కుమారస్వామి. నాపరాళ్ల దుమ్ము మింగీ మింగీ ఊపిరి పాడైంది. జన్మలో కూనిరాగమైనా తీయని మనిషి, ఆమె చెప్పులు విడవకముందే అడిగేవాడు.

“శృతి కలిసిందా?”

“కలవలే.”

గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒకనాడు మేడం మెల్లగా అంది. “మీరు మానేస్తే మంచిదేమోనమ్మా. పిల్లలు వెనకపడుతున్నరు.”

మల్లీశ్వరి మేడం చెయ్యి పట్టుకుంది. “గట్లనకు బిడ్డా. ఇంకో నెల ఓపిక పట్టు. మా ఆయన పానం ఉండంగనే శృతి కలవాలె.”

సంగీతమంటే ఇంత ప్రాణమా అని మేడం కళ్లు తుడుచుకుంది.

మరుసటి ఆదివారం పక్కన చోటు ఖాళీగా ఉంది.

“ఐమన్ ఇగ రాదు. వాళ్లమ్మకు సౌదీల నర్సు నౌకరీ దొరికిందట. మొన్ననే అందరు పోయిన్రు” అంది మేడం, హార్మోనియం తెరుస్తూ.

ఆ రోజు మల్లీశ్వరి గుమ్మం వైపు చూడలేదు. మెట్ల మీద ఎవరెవరో ఎక్కారు, దిగారు. మేడం ‘సా’ అంది. ఈమె నోరు తెరిచింది. గొంతు అటూ ఇటూ కదల్లేదు. ఏడుపు కూడా రాలేదు.

“శృతి కలిసింది!” మేడం ఎగిరి గంతేసినంత పని చేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమెకు ఏమీ అనిపించలేదు.

రైలు ఎప్పుడెక్కిందో, ఎప్పుడు దిగిందో తెలియదు. ఇంట్లో కాలు పెట్టింది.

“శృతి కలిసిందా?”

మేడం మాటే ఆమె నోట వచ్చేసింది. “కలిసింది.”

కుమారస్వామి మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు.

“ఏమన్నదే మన బిడ్డ, గడప తొక్కొద్దన్న గీ నాయిన మీద కోపం పోయిందా, ఐమన్‌ను తోలుకొస్తదా?”